వాటర్లూ యుద్ధాన్ని బొమ్మల్లో నిలబెట్టిన కెప్టెన్ సైబోర్న్

కెప్టెన్ విలియం సైబోర్న్. బొమ్మ సైనికులతో పాత యుద్ధాలను బల్లమీద ఆడేవాళ్లలో ఈ పేరు విననివాళ్లు తక్కువ. మన దగ్గర మాత్రం దీన్ని విన్నవాళ్లే తక్కువ. ఒక యుద్ధాన్ని చిన్న సైజులో, ఉన్నది ఉన్నట్టుగా చూపించాలని జిద్దు పట్టి, దానికోసం కొన్నేళ్ల జీవితాన్ని, జేబులో సొమ్మునీ పోసేసిన మనిషి ఈయన. చివరికి తాను పేర్చిన సైనికులను తన చేత్తోనే తీసేయాల్సి వచ్చింది. ఆయన కథ చెప్పుకునే ముందు ఆ ఆట గురించి రెండు ముక్కలు.

దీన్ని వార్‌గేమింగ్ అంటారు. ఒక పెద్ద బల్ల ఉంటుంది. దానిమీద కొండలు, వాగులు, చెట్లు, పొలాలు, ఇళ్లు అన్నీ చిన్నగా కడతారు. థర్మోకోల్ కోసి గుట్టలు చేస్తారు, రంగు వేసిన రంపపు పొట్టు చల్లి గడ్డి అంటారు. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో మెంతులో ఆవాలో మొలకెత్తించి పచ్చని పార్కు చేస్తారు కదా, అచ్చం అలాంటి పనే. తేడా ఏంటంటే, ఇక్కడ ఆ నేలమీద రెండు ఫౌజులు దిగుతాయి. ఏ దళం ఎంత దూరం నడవొచ్చో స్కేలుతో కొలుస్తారు. తుపాకీ దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు వేసి తేలుస్తారు. చరిత్రలో జరిగిన యుద్ధమే అయినా, ఈసారి ఓడినవాడు గెలవొచ్చు.

పిల్లలాటలా కనిపిస్తుంది గానీ దీని పుట్టుక ఫౌజీ కచేరీల్లోనే. 1812లో ప్రష్యా రాజుకు రైస్విట్జ్ అనే ఆయన ఒక పెద్ద పెట్టె తయారుచేసి ఇచ్చాడు. అందులో కొండ, నది, రోడ్డు, ఊరు వేర్వేరు పలకలుగా ఉంటాయి. వాటిని ఎలా కావాలంటే అలా పేర్చుకుని కొత్త మైదానం తయారుచేసుకోవచ్చు. ఆయన కొడుకు, ఫిరంగిదళంలో లెఫ్టినెంటు, 1824 నాటికి దీన్ని మ్యాపుమీద ఆడే ఆటగా మార్చాడు. దాన్ని చూసి మెచ్చుకుని ప్రష్యా సైన్యమంతా నేర్చుకోవాలన్న పెద్ద అధికారి జనరల్ ముఫ్లింగ్. ఈ ముఫ్లింగే 1815లో వాటర్లూ యుద్ధంలో వెల్లింగ్టన్ పక్కన ప్రష్యా తరఫున ఉన్న అధికారి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ప్రష్యావాళ్లు ఆ రోజు ఎప్పుడొచ్చారు, ఎక్కడున్నారు అన్నదే మన సైబోర్న్ మెడకు చుట్టుకున్న గొడవ.

యుద్ధానికి అందని కుర్రాడు

సైబోర్న్ 1797లో పుట్టాడు. తండ్రి కూడా ఫౌజీయే, బ్రిటిష్ 9వ పదాతిదళంలో కెప్టెన్. 1813లో ఫ్రాన్స్ సరిహద్దుల్లో జరిగిన నివెల్ యుద్ధంలో ఆయన గాయపడ్డాడు. కొడుకు శాండ్‌హర్స్ట్‌లోని రాయల్ మిలిటరీ కాలేజీలో చదివి, అదే 1813లో తండ్రి దళంలోనే చిన్న అధికారిగా చేరాడు. 1815 జూన్ 18న వాటర్లూ జరిగింది. సైబోర్న్ అక్కడ లేడు. యుద్ధం ముగిశాక పారిస్‌లో విడిది చేసిన సైన్యంలో చేరడానికే వెళ్లాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు. చుట్టూ ఉన్నవాళ్లందరూ వాటర్లూ కబుర్లు చెబుతుంటే వినాల్సిన పరిస్థితి.

ఆయనకు కత్తికంటే కొలతపట్టీ మీద ఎక్కువ మోజు. నేల ఎత్తుపల్లాలను కాగితంమీద ఎలా చూపించాలి అన్నదాని మీద 1822లో ఒక పుస్తకం, 1827లో ఇంకో పుస్తకం రాశాడు. సర్వేలో మంచి పేరొచ్చింది. 1826 నుంచి డబ్లిన్‌లో, ఐర్లండ్ సేనాధిపతి కార్యాలయంలో సహాయ మిలిటరీ కార్యదర్శి. అంటే ఫైళ్లు, ఉత్తరాలు, హాజరు పట్టీలు. బతుకు అలా ప్రశాంతంగా గడిచిపోయేదే.

1830లో బ్రిటిష్ సేనాధిపతి లార్డ్ హిల్ నుంచి ఆదేశం వచ్చింది. లండన్‌లో సైన్యానికి, నౌకాదళానికి కలిపి కొత్తగా ఒక మ్యూజియం పెడుతున్నారు, అందులో ఉంచడానికి వాటర్లూ యుద్ధం నమూనా ఒకటి తయారుచేయాలి అని. సైబోర్న్‌కు ఇంతకంటే ఏం కావాలి!

ఎనిమిది నెలలు పొలాల్లోనే

ఇంకొకరైతే పాత మ్యాపు ముందు పెట్టుకుని పని కానిచ్చేవాళ్లు. సైబోర్న్ బెల్జియం వెళ్లి లా హే సాంత్ అనే రైతు ఇంట్లో మకాం పెట్టాడు. యుద్ధంలో వెల్లింగ్టన్ సైన్యం మధ్యభాగానికి ముందు కోటలా నిలిచి, సాయంత్రానికి ఫ్రెంచివాళ్ల చేతికి చిక్కిన పొలం ఇల్లు అది. అక్కడే ఎనిమిది నెలలు ఉండి నేలంతా అడుగు అడుగునా కొలిచాడు. ఏ గట్టు ఎంత ఎత్తు, ఏ బాట ఎంత లోతు, ఏ కంచె ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, అన్నీ రాసుకున్నాడు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. నెదర్లాండ్స్ రాజు అప్పటికే యుద్ధభూమిలో సింహం దిబ్బ అనే పెద్ద మట్టి గుట్టను లేపాడు. 1826కల్లా అది పూర్తయింది. దానికి కావాల్సిన మట్టిని ఎక్కడినుంచి తవ్వారనుకున్నారు? వెల్లింగ్టన్ సైన్యం నిలబడిన ఆ గట్టు నుంచే. అంటే సైబోర్న్ వెళ్లేసరికి నేల ఆకారమే మారిపోయింది. యుద్ధం జరిగిన రోజున ఉన్న నేలను ఇప్పుడున్న నేలనుంచి ఊహించి తీయాలి. బల్లమీద మైదానం కట్టేవాళ్లు ఈనాటికీ పడే తిప్పలు ఇవే. ఇప్పుడు కనిపించే ఊరు వేరు, అప్పటి ఊరు వేరు.

నేల సంగతి అలా ఉంటే, మనుషుల సంగతి ఇంకా కష్టం. ఏ దళం ఏ నిమిషాన ఎక్కడుంది? కాగితాల్లో దొరకదు. అందుకని 1834 నుంచి యుద్ధంలో పాల్గొని బతికున్న బ్రిటిష్ అధికారులకు వరసగా ఉత్తరాలు పంపాడు. సాయంత్రం ఏడు గంటల వేళ, నెపోలియన్ తన సొంత గార్డు దళాన్ని ఆఖరి దాడికి పంపిన ఘడియలో, మీ దళం ఏ వరుసలో ఉంది, మీ ఎదుట శత్రువు ఎలా ఉన్నాడు, మీ ముందు పొలంలో ఏ పైరు ఉంది, జతచేసిన పటంమీద గుర్తుపెట్టి పంపండి అని అడిగాడు. పైరు సంగతి కూడా! జూన్ నెల కాబట్టి పంటలు కోతకు రాలేదు. జొన్నచేనులో మనిషి కనపడనట్టే, ఎదిగిన రై పైరులో సైనికులు కనపడరు. ఆ వివరం లేకుండా ఎవరు ఎవర్ని ఎందుకు చూడలేకపోయారో అర్థం కాదు.

జవాబులు ఏడొందల దాకా వచ్చాయి. దాదాపు ఇరవై ఏళ్ల కిందటి ముచ్చట. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానికి కుదరదు. నెపోలియన్ గార్డును తిప్పికొట్టింది మేమే అని 1వ ఫుట్ గార్డ్స్ వాళ్లు, కాదు పక్కనుంచి వచ్చి విరగ్గొట్టింది మేము అని 52వ దళం వాళ్లు. ఈ పేచీ నేటికీ తెగలేదు. డబ్లిన్‌లో కొంతకాలం సైబోర్న్‌కు పైఅధికారిగా ఉన్న సర్ హస్సీ వివియన్ కూడా వాటర్లూలో గుర్రపుదళాన్ని నడిపినవాడే. అంటే పొద్దున్నే ఆఫీసుకు వెళ్తే అక్కడ కూడా ఒక సాక్షి.

ఒక మాట చెప్పాలి. అంతకుముందు ఒక యుద్ధం గురించి అందులో ఉన్న ఇంతమందిని విడివిడిగా అడిగి, వాళ్ల మాటలను పోల్చి చూడటం ఎవరూ పెద్దగా చేయలేదు. సేనాధిపతి రాసిన నివేదికే చరిత్ర. సైబోర్న్ ఒక రిపోర్టర్ చేసే పని చేశాడు. ఆ చిక్కులన్నీ అక్కడే మొదలయ్యాయి.

హిసాబు తప్పిన చోటు

1833లోనే ప్రభుత్వం చేతులెత్తేసింది. మొదట్లో ఖర్చు భరించినవాళ్లు, ప్రభుత్వం మారాక ఇక పైసా ఇవ్వలేమన్నారు. పని సగంలో ఉంది. సైబోర్న్ ఆపొచ్చు. ఆపలేదు. ఉద్యోగం చేసుకుంటూనే, మిగిలిన వేళల్లో, సొంత పూచీమీద పని సాగించాడు. 1838కి నమూనా పూర్తయింది. మొత్తం ఖర్చు మూడు వేల పౌండ్లకు దగ్గరైంది.

ఆ నమూనా ఎంతుందో చూడండి. పొడవు, వెడల్పు ఒక్కోటి ఇరవై అడుగులకు కాస్త అటూ ఇటూ. అసలు నేలమీద ఒక మైలు దూరం ఇందులో తొమ్మిది అడుగులు. తగరం, సీసం కలిపి పోసిన బొమ్మ సైనికులు 70 వేలకు పైగా. ఒక్కొక్కరు సుమారు ఒక సెంటీమీటరు ఎత్తు. గుర్రాలు, ఫిరంగులు, పొగ, పైర్లు, తోటలు, పొలం ఇళ్లు, అన్నీ ఉన్నాయి. ఈ కొలతల ప్రకారం చూస్తే మనిషి బొమ్మ మూడు మిల్లీమీటర్లే ఉండాలి. అంత చిన్నగా చేస్తే చూసేవాడికి చీమల బారులా ఉంటుంది. కాబట్టి బొమ్మలు నేలకంటే మూడింతలు పెద్దవి. నేల కొలత ఒకటి, బొమ్మ కొలత ఇంకొకటి. ఈ రాజీ ఇవాళ్టి ఆటగాళ్లందరూ ఒప్పుకునేదే. వాళ్ల బల్లమీద ముప్ఫై బొమ్మలుంటే ఆరొందల మంది దళం అని లెక్క.

1838 అక్టోబరులో లండన్ పికడిల్లీలోని ఈజిప్షియన్ హాల్‌లో నమూనాను ప్రదర్శనకు పెట్టారు. టికెట్టు ఒక షిల్లింగు. జనం విరగబడ్డారు. సుమారు లక్ష మంది చూశారని లెక్క.

బీకాం చదివినవాణ్ణి కాబట్టి ఇక్కడ కలం ఆగుతుంది. లక్ష షిల్లింగులంటే, పౌండుకు ఇరవై షిల్లింగుల చొప్పున, ఐదు వేల పౌండ్లు. ఖర్చు మూడు వేలు. కాగితంమీద లాభం రెండు వేలు కనిపిస్తోంది. హాలు అద్దె, పనివాళ్ల జీతాలు, ప్రకటనలు తీసేసినా అసలుకైనా రావాలి. సైబోర్న్ చేతికి మాత్రం పెట్టిన పెట్టుబడి కూడా తిరిగి రాలేదు. వసూళ్లు ఆయన దాకా చేరకుండా మధ్యలోనే ఎవరెవరి జేబుల్లోనో ఆగిపోయాయి. సరుకు తయారుచేసినవాడికీ, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడికీ ఉండే తేడా ఆ కాలంలోనూ ఉన్నట్టుంది. మ్యూజియం కోసమని తయారైన నమూనాను ప్రభుత్వం కొనుక్కోనూ లేదు.

వెల్లింగ్టన్‌కు నచ్చని బొమ్మలు

ఇక అసలు పేచీ. వెల్లింగ్టన్ అంటే మన దక్కన్‌కు కొత్తవాడేం కాదు. అప్పట్లో పేరు ఆర్థర్ వెల్లెస్లీ. 1799లో శ్రీరంగపట్నంమీద దండెత్తినప్పుడు హైదరాబాద్ నిజాం పంపిన సైన్యం ఆయన చేతికిందే నడిచింది. టిప్పు సుల్తాన్ కోట గోడల దగ్గర పోరాడుతూ ప్రాణం విడిచాక ఆ పట్నానికి పెత్తనం చేసింది కూడా ఈయనే. 1803లో ఇప్పటి మహారాష్ట్ర జాల్నా జిల్లాలోని అస్సాయే దగ్గర సింధియా, బేరార్ భోంస్లేల సైన్యాలను ఓడించాడు. వాటర్లూ తర్వాత సరేసరి, ఇంగ్లండ్‌లో ఆయన మాటకు ఎదురు లేదు. 1828లో ప్రధానమంత్రి కూడా అయ్యాడు.

వాటర్లూలో వెల్లింగ్టన్ దగ్గర 68 వేల మంది దాకా ఉన్నారు. బ్రిటిష్‌వాళ్లు అందులో సగం కూడా లేరు, మిగతావాళ్లు జర్మన్, డచ్, బెల్జియన్ దళాలు. నెపోలియన్ దగ్గర 73 వేలు. మధ్యాహ్నం దాటాక, నాలుగున్నర వేళకు, బ్లూషర్ నాయకత్వంలోని ప్రష్యా సైన్యం తూర్పునుంచి వచ్చి ప్లాన్సెన్వా ఊరివైపు నెపోలియన్ పక్కలో పొడిచింది. చీకటి పడేలోగా అక్కడికి చేరినవాళ్లు 50 వేలకు దగ్గరగా ఉన్నారు. వాళ్లను ఆపడానికి నెపోలియన్ తన గార్డులో ఒక భాగాన్ని అటు పంపాల్సి వచ్చింది.

సైబోర్న్ బెర్లిన్‌కు కూడా రాశాడు. ప్రష్యా సైన్యాధికారులు తమ దగ్గరున్న వివరాలు పంపారు. ఆ ప్రకారం ఏడు గంటల వేళకు ప్రష్యావాళ్లు ఎంతవరకు వచ్చారో అంతవరకూ బొమ్మలు పేర్చాలనుకున్నాడు. అలా పేరిస్తే నమూనా చూసినవాడికి ఏమనిపిస్తుంది? గార్డు దాడి విరిగేసరికే ప్రష్యావాళ్లు యుద్ధంలో పీకలదాకా దిగిపోయి ఉన్నారని. గెలుపు ఇద్దరిదీ అని. ఇది వెల్లింగ్టన్‌కు నచ్చలేదు.

నిజం చెప్పాలంటే వెల్లింగ్టన్ ప్రష్యా సాయాన్ని అసలు ఒప్పుకోనివాడు కాదు. యుద్ధం మర్నాడు రాసిన నివేదికలోనే బ్లూషర్‌కు కృతజ్ఞత చెప్పాడు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ వాటర్లూ అంటే వెల్లింగ్టన్, వెల్లింగ్టన్ అంటే వాటర్లూ అయిపోయింది. కాగితంమీద ఒక వాక్యంగా ఉండే సాయం వేరు, ఇరవై అడుగుల బల్లమీద వేల బొమ్మలుగా లక్ష మంది కళ్లముందు నిలబడే సాయం వేరు.

అభ్యంతరాలు సైబోర్న్‌కు లార్డ్ ఫిట్జ్‌రాయ్ సోమర్‌సెట్ ద్వారా చేరాయి. ఆయన సేనాధిపతి కార్యాలయంలో మిలిటరీ కార్యదర్శి, వాటర్లూలో కుడిచెయ్యి పోగొట్టుకున్నవాడు, వెల్లింగ్టన్‌కు కుడిభుజం లాంటివాడు. ఉద్యోగంలో సైబోర్న్‌కు ఎంతో పైవాడు. సగం జీవితం ఫైళ్ల మధ్య గడిపిన ఒక లెఫ్టినెంటుకు అటునుంచి వచ్చిన ఉత్తరం ఎంత బరువుంటుందో ఉద్యోగం చేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

సైబోర్న్ వాదించాడు, ఆధారాలు చూపించాడు, చివరికి ఒప్పుకున్నాడు. ప్రష్యా బొమ్మలను చాలావరకు నమూనానుంచి తీసేశాడు. ఒత్తిడికి లొంగాడని కొందరు చరిత్రకారులంటారు. కాదు, సమయాల లెక్క మళ్లీ చూసుకుని తన పొరపాటు దిద్దుకున్నాడని మరికొందరంటారు. నాకైతే ఇందులో రెండూ కలిసే ఉన్నాయనిపిస్తుంది. ఆనాడు జేబుగడియారాలు ఒకదానితో ఒకటి కలిసేవి కావు. ఒకరి ఏడు గంటలు ఇంకొకరి ఏడున్నర. ఆ అరగంటలో ప్రష్యావాళ్లు ఇంకో గట్టు దాటి ఉంటారు. ఉదయం పదకొండున్నరకు, మొదటి ఫిరంగి పేలే వేళను ఎంచుకుని ఉంటే ఈ పేచీ వచ్చేదే కాదు. అప్పటికి ప్రష్యావాళ్లు రానేలేదు. కానీ అందరూ గెలుపు మాది అని కొట్టుకునే ఘడియనే సైబోర్న్ ఎంచుకున్నాడు.

తర్వాతి రోజులు

1840ల్లో ఆయన కెప్టెన్ అయ్యాడు. లండన్ చెల్సీలో సైనికుల పిల్లలను చదివించే రాయల్ మిలిటరీ అసైలంలో కార్యదర్శి ఉద్యోగం దొరికింది. సేకరించిన ఉత్తరాలన్నీ ఆధారంగా 1815 యుద్ధం చరిత్రను రాసి 1844లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. దానికి జతగా వేసిన పటాల్లో నేల ఉబ్బెత్తుగా ఉన్నట్టు కళ్లకు కనిపిస్తుంది. సర్వే చేసిన చెయ్యి కదా. పుస్తకం బాగా నడిచింది, 1848కల్లా మూడో ముద్రణకు వచ్చింది.

అదే 1844లో ఇంకో నమూనా కూడా తయారుచేశాడు. ఈసారి మొత్తం యుద్ధం కాదు, ఒక్క ఘట్టం: మధ్యాహ్నం వేళ బ్రిటిష్ గుర్రపుదళం ఫ్రెంచి పదాతిదళంమీద విరుచుకుపడ్డ దృశ్యం. నేల తక్కువ, బొమ్మలు పెద్దవి. ఒక్కో సైనికుడి ఆయుధం, దుస్తులు విడిగా కనిపిస్తాయి. ఇందులో ప్రష్యావాళ్ల ఊసే లేదు. మొదటి నమూనా తెచ్చిన అప్పును దీనితో తీర్చుకోవాలన్న ఆశ. ఆ ఆశా తీరలేదు. 1849 జనవరిలో సైబోర్న్ చనిపోయాడు. వయసు 51. బ్రాంప్టన్ శ్మశానవాటికలో సమాధి ఉంది. మొదటి నమూనా ఏ సంస్థ కోసమని మొదలైందో ఆ సంస్థకు ఆయన పోయాకే చేరింది.

ఇప్పుడది చెల్సీలోనే, నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. ఆయన ఆఖరి ఉద్యోగం చేసిన భవనానికి ఎంతో దూరం కాదు. రెండో నమూనా లీడ్స్ నగరంలోని రాయల్ ఆర్మరీస్‌లో ఉంది. అధికారుల ఉత్తరాలు బ్రిటిష్ లైబ్రరీకి చేరాయి. వాటిలో కొన్నింటిని కొడుకు, మేజర్ జనరల్ హెర్బర్ట్ టేలర్ సైబోర్న్, 1891లో పుస్తకంగా తెచ్చాడు. వాటర్లూమీద పుస్తకం రాసేవాళ్లెవరైనా ఆ ఉత్తరాలు చూడకుండా ముందుకు పోరు. తండ్రి చెప్పిన తీర్పులతో విభేదించేవాళ్లు కూడా తండ్రి పోగుచేసిన సాక్ష్యంతోనే వాదిస్తారు.

బల్లమీద వాటర్లూ ఆడేవాళ్ల దగ్గర ఒక అలవాటు ఉంది. ఆట మొదట్లో ప్రష్యా బొమ్మలు బల్లమీద ఉండవు, డబ్బాలో ఉంటాయి. మధ్యాహ్నం అయిందనుకున్న దగ్గర్నుంచి ప్రతి వంతుకూ ఒకసారి పాచిక వేస్తారు. కావాల్సిన అంకె పడగానే బల్ల తూర్పు అంచునుంచి ప్రష్యావాళ్లు దిగుతారు. ఒక్కో ఆటలో తొందరగా, ఒక్కో ఆటలో ఆలస్యంగా.